ఒంటరి జంట

పదకొండు చోట్ల ‘ఒంటరి జంట’ అని ఉంటే పదకొండు చోట్లా ‘ఒక జంట’ అని దిద్దేశాను. రాత మేడమ్‌ది, కంగారులో ఏదో రాసి ఉంటుందనుకున్నాను. జంట అన్నాక మళ్లీ ఒంటరేమిటి? పన్నెండేళ్లుగా ఈ కీబోర్డు ముందు కూర్చుని ఎందరి తప్పులో చెప్పకుండా సరిచేశాను. ఒక గుమాస్తా సెలవుచీటీల్లో తాతగారిని మూడోసారి చంపబోతుంటే నేనే ఆయన్ని మేనమామగా మార్చి పరువు కాపాడాను. ఎవరూ గమనించలేదు. ఒప్పు చేసిన చెయ్యి ఎవరికీ కనపడదు. తప్పు చేసిన చెయ్యి మాత్రం వీధి చివరిదాకా కనపడుతుంది.

మేడమ్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. డిగ్రీ మొదటి ఏడాది పిల్లల కోసం పాఠ్యపుస్తకం రాసి, టైపు చేయించడానికి మా షాపుకి ఇచ్చింది. ప్రూఫులన్నీ ఎర్రసిరాతో దిద్దుతుంది కాబట్టి మా ఆయన ఆవిడకి ‘ఎర్రపెన్ను’ అని పేరు పెట్టాడు. ఎదురుగా మాత్రం మేడమ్ మేడమ్ అంటూ వంగిపోతాడు.

ఆ వేళ ప్రూఫులు కౌంటరు మీద పరిచి, “ఇవి ఎవరు మార్చారు?” అంది.

మా ఆయన కాగితం వైపు చూడనైనా లేదు. “ఇంకెవరండీ, మా ఆవిడ. ఉన్నది ఉన్నట్టు కొట్టవే అంటే వినదు. సొంత తెలివి!” అని, నా వైపు తిరిగి, “చూసి కొట్టడానికి నీకు బుర్రతో పనేంటే?” అన్నాడు.

జిరాక్సు కోసం నిలబడ్డ ముగ్గురూ నవ్వారు. వాళ్లలో ఒకడి బయోడేటా నేను నిన్ననే నాలుగుసార్లు మార్చి ఇచ్చాను. వాడు కాస్త ఎక్కువ నవ్వాడు.

మా షాపు ఎనిమిది అడుగుల వెడల్పు గది. వెనక గోడకి నా బల్ల, మూలకి నా కుర్చీ. పక్కన జిరాక్సు మిషను, దాని ముందు మా ఆయన స్టూలు. నేను బయటికి రావాలంటే ఆయన లేవాలి. ఆయన లేచేదాకా ఆగడం నాకు అలవాటు. మధ్యాహ్నం పూట మంచినీళ్లు తాగడం అందుకే మానేశాను.

కాబట్టి మేడమే మిషను మీదుగా వంగి నన్ను అడిగింది. “ఎందుకు మార్చావమ్మా?”

“జంట అన్నాక ఒంటరిగా ఎలా ఉంటుందండీ?”

ఆవిడ కూడా నవ్వింది. కానీ ఆ ముగ్గురి నవ్వులాంటిది కాదు. “పాతికేళ్లుగా చెబుతున్నాను. బట్టీ పట్టారు గానీ ఒక్కరూ ఈ మాట అడగలేదు” అని ప్రూఫు వెనక వైపు ఎర్రపెన్నుతో అమ్మోనియా బొమ్మ వేసింది. “ఇదిగో, నడుమ నైట్రోజన్. దీని బయటి కక్ష్యలో ఐదు ఎలక్ట్రాన్లు. మూడింటిని మూడు హైడ్రోజన్లతో పంచుకుంది, అవి బంధాలయ్యాయి. ఇంకా రెండు మిగిలాయి. రెండూ జంటే. కానీ ఎవరితోనూ పంచుకోలేదు. అందుకని ఒంటరి జంట. మామూలుగా బొమ్మలో గీయం కూడా.”

“గీయకపోతే లేనట్టే కదండీ?”

“ఎందుకు లేదు? ఉండి, పక్కనున్న బంధాల్ని తోస్తుంది. నాలుగు జంటలూ బంధాలే అయితే మధ్య కోణం నూట తొమ్మిదిన్నర డిగ్రీలు. ఇది తోస్తుంది కాబట్టి నూట ఏడుకి దిగింది. కనపడదు గానీ అణువు ఆకారం దాని చేతిలో ఉంది.”

“శుక్రవారానికి మొత్తం ఇచ్చేస్తుందండీ మేడమ్” అన్నాడు మా ఆయన మధ్యలో. ఇచ్చేది నేను. మాట ఇచ్చేది ఆయన.

పదకొండు చోట్లా మళ్లీ ‘ఒంటరి జంట’ అని కొడుతూ, కొట్టిన ప్రతిసారీ ఆగి చదువుకున్నాను. అవమానంతో కాదు. ఈ పాఠం కోసం నేను పంతొమ్మిదేళ్లుగా చూస్తున్నాను. ఆ సంగతి నాకే గుర్తు లేదు.

నేనూ ఐదు నెలలు కాలేజీకి వెళ్లాను. కిటికీ పక్క బెంచీ. కెమిస్ట్రీ మాస్టారు పరమాణు నిర్మాణం చెప్పాడు. ల్యాబ్‌లో తీగని ఉప్పులో ముంచి మంటలో పెట్టించాడు. సోడియం అయితే పసుపు, రాగి అయితే ఆకుపచ్చ. వేడికి ఎలక్ట్రాన్ పై మెట్టు ఎక్కుతుంది, అక్కడ నిలవలేదు, మళ్లీ కిందికి దిగుతుంది, దిగేటప్పుడు వెలుగు వదులుతుంది, ఆ రంగు అదే అన్నాడు. ఆ ఆకుపచ్చ మంట ముందు నేను ఎంతసేపు నిలబడ్డానో, వెనక పిల్ల మోచేత్తో పొడిచింది. ఒక రోజు గంట కొట్టాక పుస్తకం మూసి, “పరమాణువు అయిపోయింది. రేపు బంధాలు మొదలుపెడదాం” అన్నాడు. ఆ రేపు నేను వెళ్లలేదు. ఆ రేపు వీళ్లు నన్ను చూసుకోవడానికి వచ్చారు. “పెళ్లయ్యాక చదివిస్తాంలెండి, మాకేం అభ్యంతరం” అంది మా అత్తయ్య. అంత అనాయాసంగా అన్న మాట మళ్లీ గుర్తు చేస్తే అమర్యాద అనిపించింది. తర్వాత పాప. తర్వాత షాపు. ఇప్పుడు పాప హాస్టల్లో ఉండి చదువుకుంటోంది.

పంతొమ్మిదేళ్లలో కూర పొంగి స్టవ్వు మీద పడ్డప్పుడల్లా నీలం మంట పసుపు పచ్చగా లేస్తుంది. ఉప్పులో సోడియం. ఒక్క క్షణం ఆగి చూస్తాను. ఎక్కింది, దిగుతోంది, వెలుగు వదులుతోంది. “చూస్తూ నిలబడతావేమే, కట్టెయ్!” అని మా అత్తయ్య వెనక నుంచి అరుస్తుంది. కట్టేస్తాను. నేనూ ఐదు నెలలు పై మెట్టు మీద ఉన్నదాన్నే. దిగేటప్పుడు వెలుగు వదిలానో లేదో, ఎవరు చూశారు?

ఆ వారమంతా బంధాల పాఠమే కొట్టాను. రోజూ పొద్దున తాళం తీస్తుంటేనే మనసు బల్ల దగ్గరికి పరుగెత్తేది. ఇన్నేళ్లలో షాపుకి అలా ఎప్పుడూ వెళ్లలేదు. సోడియం తన ఎలక్ట్రాన్‌ని క్లోరిన్‌కి ఇచ్చేస్తే అయానిక బంధం. ఇద్దరూ చెరొకటి తెచ్చి పంచుకుంటే సమయోజనీయ బంధం. మూడో రకం దగ్గర నా వేళ్లు ఆగిపోయాయి. దీంట్లో రెండు ఎలక్ట్రాన్లూ ఒకరే, తమ ఒంటరి జంటలోంచి ఇస్తారు. వాళ్లు దాత. రెండోవాళ్లు ఒట్టి చేతులతో వస్తారు. దాన్నీ పంచుకోవడమే అంటుంది పుస్తకం. కింద ఇంకో వాక్యం: ‘ఒకసారి ఏర్పడిన తరువాత ఈ బంధానికీ మిగతా బంధాలకూ తేడా ఉండదు. ఏ జంట ఎవరిచ్చిందో గుర్తించలేము.’

మా షాపుకి ఎవరొచ్చినా మా ఆయన చెప్పే మాట ఒకటుంది. “ఇద్దరం కలిసి పైకి తెచ్చుకున్న షాపండీ ఇది.” అంతలోనే, “ఇంట్లో ఊరికే కూర్చునే బదులు ఇక్కడ కూర్చుంటుంది” అంటాడు. మా అత్తయ్యది ఇంకో మాట. “కూర్చుని చేసేది కూడా ఒక పనేనా అమ్మా?” పొద్దున ఐదింటికి లేచి అందరికీ వండి, అంట్లు తోమి, బట్టలు ఆరేసి, షాపుకొచ్చి కూర్చుంటే నా నడుముకి తెలుసు కూర్చోవడం అంటే ఏమిటో. ఏ జంట ఎవరిచ్చిందో గుర్తించలేము. ఆ వాక్యం మూడుసార్లు చదువుకున్నాను.

అమ్మోనియాది ఒకటే ఒంటరి జంట. అది ఇచ్చేస్తే ఇక సున్నా. నా సంగతీ ఇంతే కాబోలు అనుకుంటూ పేజీ తిప్పితే నీళ్లు వచ్చాయి. కళ్లల్లో కాదు, పాఠంలో. నీటి అణువుకి రెండు ఒంటరి జంటలట. ఒకటి ఇచ్చేసినా ఇంకొకటి దాని దగ్గరే ఉంటుంది. ఎవరూ చూడకుండా ఆ బొమ్మని ఒక కాపీ తీసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను.

బుధవారం మేడమ్ వచ్చినప్పుడు మా ఆయన టీకి వెళ్లాడు. ఆవిడ ప్రూఫులు చూస్తూ, తల ఎత్తకుండానే, “నువ్వెక్కడిదాకా చదివావమ్మా?” అంది.

“పరమాణువు దాకానండీ.”

తల ఎత్తింది. చెప్పాను. ఎక్కువ చెప్పలేదు, ఐదు నెలలకి ఎంత కథ ఉంటుంది? ఆవిడ సంచీలోంచి ఒక ఫారం తీసింది. “చదువు మధ్యలో ఆగిన ఆడవాళ్లకి మా కాలేజీలో బ్యాచ్ పెట్టారు. పాఠాలు ఇంట్లో చదువుకోవచ్చు. ల్యాబ్‌కి మాత్రం రావాలి, సైన్సు కదా. ప్రతి శనివారం రెండు నుంచి ఐదు. ఒక్క సీటు ఉంది. శుక్రవారం ఆఖరు.”

శనివారం రెండు నుంచి ఐదు. మా షాపులో జనం గోడలకి అంటుకునే సమయం అది.

ఆ సాయంత్రం మా ఆయనతో అన్నాను. కోప్పడలేదు. కోప్పడితే నయంగా ఉండేది. “చదువుకో, నేనేం కాదన్నానా? రోజూ చదువుతూనే ఉన్నావుగా కొడుతూ కొడుతూ. కుర్చీ వేసి, ఫ్యాన్ వేసి చదివిస్తున్నాను. ఏ కాలేజీలో ఉంది ఆ సుఖం?” అని నవ్వాడు. “శనివారం నువ్వెళ్తే టైపుకి ఎవరు కూర్చుంటారు? ఎర్రపెన్నా?”

మా అత్తయ్య లోపలి నుంచి అందుకుంది. “ఆ గాజుసీసాలు కడగడానికి కాలేజీ దాకా ఎందుకే? ఇంట్లో అంట్లు చాలట్లేదా?”

ఇద్దరూ నవ్వుకున్నారు. నాకూ నవ్వొచ్చింది, అదే నా ఖర్మ. వాళ్ల మాటకి నవ్వడం పంతొమ్మిదేళ్లుగా నా వంతు. నవ్వేశాక ‘సరే పోనీలే’ అనడం కూడా నా వంతే. ఆ రెండో మాట ఆ పూట నోటిదాకా వచ్చి ఆగింది. మా ఆయన దాని కోసం ఒక నిమిషం చూశాడు. రాలేదు. టీవీ పెట్టుకున్నాడు.

గురువారం ఫారం నింపాను. ఊళ్లో అందరి ఫారాలూ నింపిన చెయ్యి, తన ఫారం దగ్గర తడబడింది. పేరు, వయసు రాశాను. ‘చదువు ఆపడానికి కారణం’ అని అర గీత జాగా ఉంది. ‘పెళ్లి’ అని రాసి చూశాను. అబద్ధం కాదు గానీ, నిజం అంత చిన్నది కాదు. ముందే తీసి ఉంచిన జిరాక్సు కాపీ మీద మళ్లీ రాశాను: ‘రేపు బంధాలు చెబుతామన్నారు. ఆ రేపు రాలేకపోయాను.’

శుక్రవారం ఆఖరి ప్రూఫుల అడుగున పెట్టి మేడమ్‌కి ఇచ్చాను. మా ఆయన స్టూలు మీదే ఉన్నాడు. ఆవిడ ఒక్కో పేజీ తిప్పి అడుగుదాకా వచ్చి, ఎర్రపెన్ను మూత తీసి, ఆ గీత చదివింది. చాలాసేపు చదివింది. ఏమీ దిద్దకుండా మూత పెట్టేసింది.

“రేపు రెండింటికి. కాటన్ బట్టలు వేసుకుని రా, మంటల దగ్గర పని” అంది, మా ఆయనకి వినపడేలా.

ఆవిడ మెట్లు దిగేదాకా ఆగి, “రేపేంటి?” అన్నాడు ఆయన.

“బంధాలు” అన్నాను.

శనివారం ఒంటిగంటన్నరకి కౌంటరు ముందు ఎనిమిది మంది ఉన్నారు. చేతిలో ఉన్న కాగితం పూర్తి చేసి, సేవ్ చేసి, కుర్చీ వెనక్కి తోసి లేచాను. హ్యాండ్‌బ్యాగు భుజానికి తగిలించుకున్నాను. మా ఆయన అటు తిరిగి జిరాక్సు తీస్తున్నాడు, లేచే సూచన లేదు. పన్నెండేళ్లలో నేను ఆ స్టూలు దగ్గర ఎన్నిసార్లు ఆగానో. ఇప్పుడూ కాళ్లు వాటంతట అవే ఆగాయి. ఎనిమిది మందీ చూస్తున్నారు. ఆ బయోడేటా వాడు కూడా ఉన్నాడు. ఈసారి నవ్వడానికి ఇంకా ఏమీ దొరకలేదు వాడికి.

“కాస్త జరగండి” అన్నాను.

ఆయన వెనక్కి తిరిగాడు. నన్ను చూశాడు, బ్యాగు చూశాడు, జనాన్ని చూశాడు. “ఇప్పుడా?” అన్నాడు. నేను పక్కకి తప్పుకోలేదు. మళ్లీ కూర్చోలేదు. స్టూలు కాలు నేల మీద కిర్రుమంది.

ఎంతో కాదు. రెండున్నర డిగ్రీలు ఉంటుందేమో. నేను పట్టేంత సందు అయింది.