మెయిళ్లు చదివే బాబాయి

ఆ పంపుల కంపెనీలో టపా గుమాస్తాను అందరూ బాబాయి అనేవారు. వచ్చిన కవర్లు విప్పి, ముద్ర కొట్టి, ఎవరివి వాళ్ల బల్ల మీదికి చేర్చడం ముప్పై ఏళ్లుగా ఆయన పని. కంప్యూటర్లు వచ్చాక కవర్లు తగ్గిపోయాయి. రిటైరవడానికి ఇంకా రెండేళ్లున్నాయి. అన్నాళ్లూ గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటే ఊరుకుంటారా అని ఆయన దిగులు పడుతుండగా మేనేజరు పిలిపించాడు.

"ఇక్కడ పనికన్నా కబుర్లెక్కువయ్యాయి. ఎవరు ఎవరికి ఏం మెయిలు పెడుతున్నారో రోజూ చదివి, వారానికోసారి నాకు రిపోర్టివ్వండి. మూడో కంటికి తెలియకూడదు."

"ఒకళ్ల ఉత్తరం మనం చదవడం బాగుంటుందాండీ?"

"కంపెనీ కంప్యూటరు, కంపెనీ కరెంటు. అందులో రాసింది వాళ్ల సొంతం ఎలా అవుతుంది? చేరేటప్పుడు అందరూ ఒప్పుకుని సంతకాలు పెట్టారు. చదవకుండా పెడితే నా తప్పా?"

బాబాయి కాదనలేకపోయాడు. నిజం చెప్పాలంటే, ఇన్నాళ్లకు తనకూ ఒక పని దొరికిందని లోలోపల సంబరపడ్డాడు కూడా.

మొదటి వారం ఇలా రాసిచ్చాడు: "అందరూ పని చేసుకుంటున్నారు. బోల్టులు పొట్టివొచ్చాయని ఇద్దరు పోట్లాడుకున్నారు. స్టోర్సులో ఫ్యాను తిరగడం లేదని అక్కడి గుమాస్తా ఆరోసారి రాశాడు."

మేనేజరు ముఖం మాడ్చుకున్నాడు. "ఒక్క దొంగ కూడా దొరకలేదా? కాస్త శ్రద్ధగా చదవండి."

శ్రద్ధగా చదవడమే కొంప ముంచింది. డిజైను విభాగంలో పంపుల బొమ్మలు గీసే అమ్మాయి మధ్యాహ్నం వేళ తన అక్కకు రాసుకున్న మెయిలు ఆయన కంటపడింది. రొమ్ములో ఏదో గడ్డ తగిలిందట. స్కాన్ తీయించమన్నారట. ఇంట్లో ఆయనకింకా చెప్పలేదట. బాబాయి ఆ పూట తెచ్చుకున్న అన్నం డబ్బా విప్పలేదు. తన కూతురి ఈడు పిల్ల.

మర్నాడు మెట్ల దగ్గర ఆమె ఎదురైతే నోరు జారాడు. "భయపడకమ్మా, స్కాన్‌లో ఏమీ ఉండదులే."

ఆమె మెట్టు మీదే ఆగిపోయింది. "స్కాన్ సంగతి మీకెవరు చెప్పారు బాబాయ్?"

"అదీ... ముఖం చూస్తే తెలిసిపోదూ?"

"ముఖంలో స్కాన్ కనిపిస్తుందా? మా అక్కకు తప్ప ఎవరికీ చెప్పలేదు నేను."

అబద్ధం అతకలేదు. బాబాయి తల దించుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. ఆమె వెనక్కి తిరిగి మెట్లు దిగిపోయింది. చెడామడా తిట్టినా బాగుండునని ఆయనకనిపించింది.

మధ్యాహ్నం ఆమె అక్కకు రాసిన మెయిలు ఆయన ముందుకు వచ్చింది. "అక్కా, ఇకమీదట ఫోన్లోనే మాట్లాడుకుందాం. ఇది చదువుతున్న బాబాయికి: నా జబ్బు కంపెనీ ఆస్తి కాదు. రిపోర్టులోకి ఎక్కించకండి."

ఆయన ఎక్కించలేదు.

సాయంత్రానికి సంగతి ఆఫీసంతా గుప్పుమంది. మేనేజరు చెవిన మాత్రం పడలేదు. ఆయనతో ఎవరు మాట్లాడతారు గనక! తెల్లారేసరికి మెయిళ్ల తీరే మారిపోయింది. "మన మేనేజరుగారి దూరదృష్టి తలుచుకుంటే కళ్లు చెమరుస్తాయి" అని ఒకరు రాస్తే, "అటువంటి వారి కింద జీతం లేకుండా చేసినా తప్పులేదు" అని ఇంకొకరు జవాబిచ్చారు. అసలు కబుర్లు మెట్ల కిందికి చేరి, సగం పూట కుర్చీలు ఖాళీగా ఉండేవి. స్టోర్సు గుమాస్తా ఏడోసారి "బాబాయి గారి దివ్యసముఖానికి" అని మొదలుపెట్టి రాశాడు. బాబాయి దాన్ని రిపోర్టులో అన్నింటికన్నా పైన పెట్టాడు. రెండో రోజే ఫ్యాను గిర్రున తిరిగింది.

పొగడ్తలన్నీ అక్షరాలా నమ్మిన మేనేజరు ఉబ్బితబ్బిబ్బై వాటిని హెడ్డాఫీసుకు పంపించాడు. అక్కడివాళ్లూ మెచ్చుకున్నారు. "భేషైన పద్ధతి. ఇకనుంచి మేనేజర్ల మెయిళ్లూ చదివించాలి. అనుభవం ఉంది కాబట్టి మీ గుమాస్తాయే చదివి, నేరుగా మాకు రిపోర్టిస్తారు" అని ఉత్తర్వు వచ్చింది.

మేనేజరు బాబాయిని పిలిచి, లేచి నిలబడి, తన చేత్తో కుర్చీ లాగాడు.

"కాఫీ తీసుకుంటారా బాబాయిగారూ?"

"ఇప్పుడే తాగానండి."

"మా బావమరిదికి అప్పుడప్పుడూ సరదాగా రాస్తుంటాను... హెడ్డాఫీసు పెద్దల గురించి. అవన్నీ ఉత్త వేళాకోళం."

"ఇంకా అంతదాకా రాలేదండి. పోయినేడాది మార్చి మెయిళ్ల దగ్గరున్నాను."

మేనేజరు వెంటనే ఫోనందుకుని, ఈ పద్ధతి ఎత్తేయమని హెడ్డాఫీసును బతిమాలుకున్నాడు. మర్నాడు నోటీసు బోర్డు మీద కాగితం వేలాడింది. ఉద్యోగుల ఆత్మగౌరవమే సంస్థకు ఊపిరి కనుక మెయిళ్లు చదివే దురాచారాన్ని ఆయన తీవ్రంగా ఖండించి, రద్దు చేయించాడట. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన చేతులు జోడించి స్వీకరించాడు.

బాబాయి చప్పట్లు కొట్టలేదు. నేరుగా ఆ అమ్మాయి బల్ల దగ్గరికి వెళ్లాడు.

"కూడు పోతుందన్న భయంతో ఒప్పుకున్నానమ్మా. తప్పు నాది."

ఆమె మౌసు మీంచి చెయ్యి తీసింది. "స్కాన్‌లో ఏమీ లేదు బాబాయ్. మామూలు కొవ్వుగడ్డేనట. మా ఆయనకు కూడా చెప్పాను." మౌసు అందుకుంటూ అంది, "మీకూ నేనే చెప్పేదాన్నేమో. ఆ అవకాశం ఇవ్వలేదు మీరు."

ఆమె కూర్చోమనలేదు, వెళ్లమనీ అనలేదు. మళ్లీ బొమ్మ గీయడంలో పడిపోయింది. బాబాయి మెల్లగా తన గదివైపు నడిచాడు. నడవాలో నవ్వుకుంటున్న ముగ్గురు ఆయన్ని చూడగానే సర్దుకుని, ఈసారి ఎండలు ఎలా మండిపోతున్నాయో చెప్పుకోసాగారు.