బాలింత ఆకలి

గోధుమరవ్వ జావ, దలియా, అడుగంటకుండా గరిటె తిప్పుతూ నూకరత్నం రోజూ చెప్పే మాటే మళ్లీ చెప్పింది. "పిల్లతల్లులు ఇక్కడే, నా కళ్లముందే తినాలి. ఇంటికి పట్టుకెళ్తే మీ నోటిదాకా రాదు." భిలాయిలో రిసాలి పక్క బస్తీలో సర్కారు అంగన్‌వాడీ పెట్టినప్పట్నుంచి అక్కడి దీదీ ఆమే. గోధుమరవ్వ సర్కారుది, కట్టెలూ బెల్లమూ బస్తీ ఆడవాళ్లే తలా కాస్తా తెచ్చేవారు. కోడలి వాటా ఇంటికి పంపమని దెబ్బలాటకొచ్చిన అత్తల్ని రత్నం గుమ్మంలోనే ఆపేసేది. తొంభై ఆరు వేసవిలో ఒకరోజు, బుధియారిన్ అనే బాలింత పళ్లెం తుడిచి తింటూ అడిగింది. "మీ తోటికోడలు కన్నదట కదా దీదీ. మీ ఇళ్లల్లో బాలింతకి ఏం పెడతారు? నెయ్యి వేస్తారా?"

రత్నం చేతిలో గరిటె ఆగిపోయింది.

సెక్టర్ ఆరులో వాళ్లది కంపెనీ క్వార్టరు. భర్త శ్యామసుందర్, మరిది ఇద్దరూ ఉక్కు ప్లాంటులోనే. బియ్యం డబ్బా అడుగు కనబడ్డ రోజు లేదు. అయినా మరిది భార్య జ్యోత్స్నకి పురుడొచ్చిన దగ్గర్నుంచీ పూటకి రెండు ముద్దలు, వెల్లుల్లికారంతో. నీళ్లు గుక్కెడు. "పచ్చి ఒళ్లు, ఎక్కువ తింటే వాతం కమ్మేస్తాది" అంటుంది అత్త అప్పయమ్మ. ఆ ముద్దలు కలిపి పెట్టేది రత్నమే. భిలాయిలోనే పుట్టి పెరిగిన జ్యోత్స్న, "దీదీ, ఔర్ థోడా" అని గొంతు తగ్గించి ఇంకాస్త అడుగుతుంది. రత్నం ఖాళీ గిన్నె పట్టుకుని వచ్చేస్తుంది. ఆ గదిలో ఆమె నిలబడలేదు. పదేళ్ల కిందట అదే మంచం మీద తన తొలిచూలు పిల్లని పక్కలో వేసుకుని, ఆకలికి ఆగలేక గోడ సున్నం గీక్కుని తింది. పాలు పడలేదు. పిల్ల ఏడుపు రోజురోజుకీ సన్నబడి, పిల్లికూన అరుపులా అయి, ఒక పొద్దున ఆగిపోయింది. "నీకు పాల్లేవు, దానికి రాత లేదు" అంది అత్త. "అమ్మనేటీ అనకు, పెద్దది" అన్నాడు భర్త. ఇప్పటికీ అంట్లు తోముతుంటే కుళాయి చప్పుడు వెనకాల ఆ ఏడుపు వినిపిస్తుంది. కుళాయి కట్టేస్తే పోతుంది. నిన్న కట్టేసినా పోలేదు. అది జ్యోత్స్న బిడ్డది.

గరిటె బుధియారిన్ చేతిలో పెట్టి, రత్నం రిక్షా ఎక్కి ఇంటికెళ్లింది. జ్యోత్స్న తలకి గుడ్డ చుట్టి, బిడ్డని ఎత్తుకుంది. అప్పయమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"పురుడు తీరకుండా గడప దాటిస్తావేటే? బస్తీవోళ్ల పక్కన కూకోబెడితే మన పరువేటవ్వాలి?"

"పరువు తింటే పాలు పడవత్తా. తప్పుకో."

అంగన్‌వాడీలో జ్యోత్స్న ఆ ఆడవాళ్ల మధ్య కూర్చుని ఏడుస్తూ తింది. మళ్లీ వేయించుకుని తింది. బుధియారిన్ తన పిల్లాణ్ని చాప మీదికి దించి, ఆ పసిదాన్ని అందుకుని తన రొమ్ము అందించింది.

సాయంత్రం డ్యూటీ నుంచి వస్తూనే శ్యామసుందర్ అరిచాడు. "సర్కారు గంజి తాగించావట తమ్ముడి పెళ్లానికి! మనమేటి బికారులమా?" అప్పయమ్మ మధ్యాహ్నం నుంచి పచ్చినీళ్లు ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకుంది. రత్నం అన్నం పళ్లెం తీసుకెళ్లి పక్కన పెట్టింది. ముసలామె ఇటు తిరగకుండానే అంది, "నాకు ఆకలెయ్యనేదనుకున్నావేటే? ఆరు పురుళ్లు. ఇంకో ముద్ద అడిగితే మా అత్త కుండ ఎత్తుకుపోయి అటక మీద పెట్టీసేది."

ఆ గొంతు అంత చిన్నదవడం రత్నం ఎప్పుడూ వినలేదు. చెయ్యి వెయ్యబోయింది. వెయ్యలేకపోయింది.

"మరి ఆకలేటో తెలిసీ, నాకెలగ పెట్టకుండా ఉండగలిగావత్తా?"

రత్నం లేచింది. "రేపూ తీసుకెళ్తాను" అని చెప్పి, వంటింట్లోకెళ్లి పీట వాల్చుకుని తన అన్నం వడ్డించుకుంది. మగవాళ్లు ఇంకా తినలేదు.