మడమ గుంట

నేను ఒక మొద్దును. చదువు రాని పిల్లల్ని నా పేరు పెట్టి తిడతారు గానీ, నేను అసలు సిసలు నల్లతుమ్మ మొద్దును. కాలవ గట్టున కొట్టి తెచ్చిన నాడే వడ్రంగి సోమలింగాచారి తండ్రి నన్ను పాకలో పడేసి, "ఇక దీనిమీదే పని" అన్నాడు. ఆయన పోయాక కొడుకు కాలికిందికి వచ్చాను. చేతికిందికి అనలేదు, చూడండి. మా వైపు వడ్రంగి నేలమీద కూచుని, చెక్కను నామీద ఆనించి, కాలివేళ్ళతో అదిమిపట్టి పనిచేస్తాడు. ఆచారి ఎడమ మడమ ఆని ఆని నా ఒక చివర గుంట పడిపోయింది. ఎన్ని తలుపులు, ఎన్ని మంచాలు నామీద కోతపడ్డాయో! పాపం అనుకునేదాన్ని. రంపం వాటికే గానీ నాకు కాదని నా ధీమా.

అలాంటిది ఒకరోజు, కూచున్న ఆచారి లేవలేకపోయాడు. మోకాళ్ళు అరిగిపోయాయనీ, ఇక నేలమీద కూచోవద్దనీ డాక్టరు చెప్పాడట. నిలబడి పనిచేసే బల్ల ఉంటేనే వృత్తి. లేకపోతే ఉలీ బాడిసా అటకెక్కాల్సిందే.

"కొనేద్దామండీ" అంది ఆయన భార్య గోవిందమ్మ.

"వడ్రంగోణ్ణై ఉండి బల్ల కొనుక్కుంటే ఊళ్ళో నవ్విపోరటే? నేనే చేసుకుంటాను."

"చెయ్యాలంటే కింద కూచోవాలి. కింద కూచోగలిగితే ఇంక బల్లెందుకండీ?"

ఆచారి డబ్బుల సంచీ తీసి ఆవిడ చేతికిచ్చాడు.

కొన్న బల్ల ఆటోలోంచి దిగింది. నున్నటి ఒళ్ళు, నాలుగు కాళ్ళు, చెక్కను కరిచి పట్టుకునే ఇనప దవడ. నన్ను మూలకి దొర్లించేశారు. నివ్వెరపోయాను. అంతకన్నా నివ్వెరపోయే సంగతి మర్నాడు చూశాను. ఆచారి నిలబడి చిత్రిక పడుతుంటే, ఎడమకాలు చెప్పులోంచి బయటికొచ్చి, వేళ్ళు చాచి, గాల్లో దేనికోసమో దేవులాడుతోంది! చిత్రిక పక్కకి జారి టేకు పలకకు గంటు పడింది. రెండో పలకా అంతే. ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

"చేతులు బానే ఉన్నాయే. కాలికే పని లేక మతిపోతంది" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నన్ను మూలకి తోసినందుకు బాగా అయిందనుకోవాల్సింది. అనుకోలేకపోయాను.

గోవిందమ్మ కాసేపు ఆ కాలికేసి చూసింది. తర్వాత నాకేసి చూసింది. కొంగు బిగించి, నన్ను మధ్యకి దొర్లించి, నేలమీద చతికిలబడి, రెండు పాదాలూ నామీద ఆనించింది. మట్టెలు టక్కుమన్నాయి. దసరాకి నాకు పసుపు రాసి, బొట్టుపెట్టి దణ్ణం పెట్టే మనిషి నామీద కాలు పెట్టడమా! ఆచారీ నోరెళ్ళబెట్టాడు.

"నేను తొక్కి పడతాను. మీరు స్టూలు మీద కూచుని కొయ్యండి."

"ఏం కొయ్యమంటావే?"

"దీన్నే. ఆ గుంట ఉన్న ముక్క తీసెయ్యండి, మిగతాదానికి కాళ్ళు పెడదాం."

రంపం నాకు కాదన్న నా ధీమా అక్కడితో సరి. ఆచారి నాకు దణ్ణం పెట్టి మరీ రంపం దించాడు. నాలో ఎప్పుడో విరిగి ఉండిపోయిన మేకులు కీచుమన్నాయి. ఆవిడ పాదాలు జారలేదు. చివరికి గుంట ఉన్న ముక్క తెగి పక్కన పడింది. ఆ తర్వాత నాకు కాళ్ళ కోసం తెచ్చిన వేపదుంగల్నీ ఆవిడ తొక్కిపట్టి ఉండగానే ఆచారి చెక్కాడు.

ఇప్పుడు నాకు నాలుగు కాళ్ళు. లేచి నిలబడ్డాకే ఈ పాకకి కిటికీ ఉందని తెలిసింది. కొన్న బల్లమీద గోవిందమ్మ ఆవకాయ జాడీలు పెట్టుకుంది.

తెగిన ముక్కని ఆచారి నా కాళ్ళ మధ్య, నేలకి జానెడెత్తున బిగించాడు. ఎందుకో నాకు బోధపడలేదు. పైగా నన్ను కోశాడన్న కోపంతో ఉన్నాను. ఆయన నా ముందు నిలబడి, పలక నామీద పెట్టి చిత్రిక అందుకున్నాడు. ఎడమకాలు చెప్పు విడిచింది. కాసేపు దేవులాడింది. మడమ వెళ్ళి వెళ్ళి తన గుంటలో కూర్చుంది. చిత్రిక ఈ చివర నుంచి ఆ చివరికి సూటిగా సాగిపోయింది. నా కోపం ఎటు పోయిందో నాకే తెలియదు.

గోవిందమ్మ కళ్ళొత్తుకుంటూ గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆచారి తల తిప్పకుండానే అన్నాడు: "అక్కడే నిలబడ్డావేంటే? రెండో పలక ఇలా అందివ్వు."