చెక్కగోడకు అవతల

ఆ భవనానికి రెండు బోర్డులు. కుడివైపు బోర్డు చూస్తే ఆరోగ్య కేంద్రం, ఎడమవైపు బోర్డు చూస్తే ప్రాథమిక పాఠశాల. లోపలికి వెళ్తే ఉన్నది ఒకటే హాలు, దానికి అడ్డంగా ఒక చెక్కగోడ. ఇటుక గోడ కట్టిస్తామని ప్రభుత్వం మాటిచ్చినప్పుడు ఒకటో తరగతిలో ఉన్నవాళ్లకు ఇప్పుడు మీసాలొచ్చాయి. ఎప్పుడడిగినా ఒకటే జవాబు: "మనది చిన్న రాష్ట్రం. కాస్త సర్దుకోవాలి."

సర్దుకోవడంలో అక్కడివాళ్లు ఆరితేరిపోయారు. ఉన్నది ఒక్క అంబులెన్సు. అదే బడి పుస్తకాలు మోస్తుంది, ముసలివాళ్ల పింఛన్లు మోస్తుంది, తీరిక దొరికితే రోగుల్నీ మోస్తుంది. డాక్టరుగారు గురువారం మాత్రమే వస్తారు కనుక జ్వరాలు కూడా బుధవారానికే ముదరడం నేర్చుకున్నాయని నర్సు సిస్టరమ్మ నవ్వేది. కడుపులో బిడ్డ గుండె వినే మెషీను వచ్చింది గానీ దాని చార్జరు రాలేదు. అందుకని ఆవిడ పాతకాలపు చెక్క గొట్టాన్ని గర్భిణి పొట్ట మీద ఆనించి, రెండో కొసకు చెవి పెట్టి వినేది. అవతల పిల్లలు ఎక్కాలు అరుస్తుంటే ఆ చిన్ని చప్పుడు ఏం వినబడుతుంది? అందుకే ఒక ఏర్పాటు పెట్టుకున్నారు. సిస్టరమ్మ చెక్కగోడ మీద రెండుసార్లు తడితే బడి మొత్తం నోరు మూసుకోవాలి. గుండె దొరికాక ఒకసారి తడుతుంది. అప్పుడు పాఠం మళ్లీ అందుకోవచ్చు.

టీచరమ్మ ఉద్యోగంలో చేరిన మొదటిరోజు ఈ సంగతి ఆమెకు పిల్లలే నేర్పారు. "శ్వాస కూడా మెల్లిగా తీసుకోవాలి టీచర్, లోపల పాప ఉంది" అని.

ఆరోజు మాత్రం టీచరమ్మకు పాఠం మీద ధ్యాస లేదు. తెల్లారి వదిన వంటగది గుమ్మంలో నిలబడి, "లేచిన దగ్గర్నుంచీ బిడ్డ కదల్లేదే. రోజూ ఈపాటికి తన్నులతో నన్ను లేపేస్తుందిగా" అంది. నవ్వుతూనే అంది గానీ చేయి పొట్ట మీంచి తీయలేదు. పెళ్లయిన చాన్నాళ్లకు నిలిచిన కడుపు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి టీచరమ్మ. ఆ రోజుల్లో అంట్లన్నీ తన మీద వేసుకుని "నువ్వు పుస్తకం మూశావంటే ఊరుకోను" అని కసిరిన మనిషి ఈ వదినే. అన్నయ్య లారీ తోలుకుని దూరం వెళ్లాడు. అంబులెన్సు పుస్తకాలు దించడానికి ఎటో పోయింది. "ముందు నేను విని చూస్తాను, తీసుకురా. ఏదేమైనా పెద్దాసుపత్రిలో చూపించాల్సిందే" అంది సిస్టరమ్మ ఫోనులో. వదినను చెక్కగోడకు అవతల కూర్చోబెట్టి, టీచరమ్మ ఇవతలికి వచ్చింది.

వచ్చీ రాగానే గుమ్మంలో తనిఖీ ఆఫీసరు ప్రత్యక్షమయ్యాడు. బూట్లు కిర్రుకిర్రుమంటున్నాయి.

"ఇదేం గోడమ్మా? గట్టిగా తుమ్మితే పడిపోయేట్టుంది!" అంటూ ఆయన దాన్ని వేళ్లతో రెండుసార్లు కొట్టి చూశాడు.

బడి చప్పున మూగబోయింది.

"ఏం పిల్లలూ, ఏడు ఎనిమిదులెంత?"

ఎవరూ పలకలేదు. ముందు బెంచీ పిల్ల పెదాలు బిగబట్టుకుని ఆయన్ను జాలిగా చూసింది.

"పోనీ, సూర్యుడు ఏ దిక్కున ఉదయిస్తాడు?"

అందరూ తూర్పుకేసి వేళ్లు చూపించారు.

"మీ బడిలో మాటలు రావా, లేక నేనంటే భయమా?"

టీచరమ్మ ఒకసారి గోడ మీద తట్టింది. "యాభై ఆరు! తూర్పు! భయం లేదు!" అని బడంతా ఒక్కసారిగా అరిచేసరికి ఆఫీసరు వెనక్కి తూలి బెంచీ పట్టుకున్నాడు. అవతల్నుంచి సిస్టరమ్మ కేక: "టీచరమ్మా, నేను తట్టకుండానే ఆటలేంటి? నేనింకా మొదలే పెట్టలేదు!"

మరుక్షణం గోడ మీద రెండు చప్పుళ్లు. ఈసారి నిజమైనవి.

"చూడమ్మా, అసలు ఈ..." అంటూ ఆఫీసరు మొదలెట్టాడు. టీచరమ్మ తన జన్మలో ఏ ఆఫీసరుకూ ఎదురు చెప్పలేదు. ఇప్పుడు వేలు పెదాల మీద పెట్టుకుని, కళ్లతోనే గద్దించింది. ఆయన అడుగు వెనక్కి వేయబోతే బూటు కిర్రుమంది. ముందు బెంచీ పిల్ల బూట్లకేసి వేలు చూపించి తల అడ్డంగా ఊపింది. పాపం, ఒక కాలు సగం ఎత్తి అలాగే నిలబడ్డాడు.

మామూలుగా ఈపాటికి ఒక చప్పుడు రావాలి. రాలేదు. గొట్టం ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరుపుతున్నట్టు వదిన గాజులు గలగలమన్నాయి. మళ్లీ ఏమీ లేదు. పిల్లలు గోడను వదిలేసి టీచరమ్మ మొహం చూడసాగారు. ఆమె సుద్దముక్కను ఎంత గట్టిగా పట్టుకుందంటే, అది పిండైపోయి వేళ్ల సందుల్లోంచి రాలింది. 'ఒక్కసారి తట్టండి సిస్టరమ్మా. ఒక్కసారి.' ఆఫీసరు కూడా ఎందుకో తెలియకుండానే ఊపిరి బిగబట్టాడు.

తట్టలేదు. బాదింది సిస్టరమ్మ! చెక్కగోడ ఊగిపోయింది.

"దొరికింది దొంగపిల్ల! ఓ మూలకు తిరిగి పడుకుంది! గుండె గుర్రంలా పరిగెడుతోంది, వినడానికి నా చెవే చాల్లేదు!"

పిల్లలు బెంచీలెక్కి గంతులేశారు. టీచరమ్మ కుర్చీలో కూలబడి ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. ఆఫీసరు ఎత్తిన కాలు మెల్లిగా కింద పెట్టి, "ఎవరమ్మా లోపల?" అన్నాడు.

"మా వదిన సార్."

అవతల్నుంచి సిస్టరమ్మ తల బయటపెట్టింది. "గుండె బాగుంది సార్. అయినా కదలిక తగ్గింది కాబట్టి డాక్టరు ఈరోజే చూడాలి. ఇవాళ గురువారం కాదు. అంబులెన్సు లేదు. బయట మీ కారు మాత్రం ఖాళీగా ఉంది."

"అది ప్రభుత్వ వాహనం..."

"మేమూ ప్రభుత్వమే కదండీ. మనది చిన్న రాష్ట్రం, కాస్త సర్దుకోండి."

ఆఫీసరు చివరకు డ్రైవరును పిలిచాడు. "ఈ అమ్మాయిని పెద్దాసుపత్రికి తీసుకెళ్లు. గుంతలు చూసుకుని పోనివ్వు."

"నేను కేంద్రం వదిలి రాలేను. తోడు ఎవరు వెళ్తారు?" అంది సిస్టరమ్మ.

టీచరమ్మ ఆఫీసరుకేసి చూసింది. పిల్లలూ ఆయనకేసి చూశారు. ఆయన అటూ ఇటూ చూసి, తప్పించుకునే దారి లేదని గ్రహించి, కొత్త సుద్దముక్క కోసం చేయి చాచాడు.

వదిన చీర సర్దుకుంటూ కారెక్కింది. "ఆకలేస్తోందే, ఏమైనా పెట్టించవే" అంది. ఆమె మొహంలో రంగు తిరిగి వచ్చింది. వెనక్కి చూస్తే కిటికీలోంచి ఆఫీసరు గొంతు, "ఒక్కొక్కళ్లు చెప్పండర్రా, అందరూ ఒకేసారి కాదు!" అని బతిమాలుతూ వినబడింది.

కారు మలుపు తిరిగాక వదిన ఉన్నట్టుండి "అమ్మో!" అంది.

"ఏమైంది వదినా?"

వదిన టీచరమ్మ చేయి లాగి తన పొట్ట మీద పెట్టుకుంది. సుద్ద అంటిన ఆ అరచేతి కింద బిడ్డ బలంగా ఒక్క తన్ను తన్నింది.

"చూడు, మేనత్త చెయ్యి తగిలిందో లేదో రౌడీవేషాలు!" అంది వదిన. ఇద్దరూ పకపకా నవ్వారు. డ్రైవరు ఏమిటో తెలియక అద్దంలోంచి చూసి, తనూ నవ్వి, గుంత దగ్గర కారు మెల్లిగా పోనిచ్చాడు.