కడిగిన సూది

ఆ ప్రశ్నల కాగితం వికారాబాద్ ఆఫీసులో తయారైంది. ఎనభై నాలుగు ప్రశ్నలు. రాత్రి ఎక్కడ పడుకున్నావు, మత్తుకు సూది మందు ఎక్కించుకుంటావా, ఇంకొకరు వాడిన సూది వాడావా... ఇల్లూ వాకిలీ లేనివాళ్ళలో ఈ సూదుల వల్ల హెచ్‌ఐవీ ఎంత పాకుతోందో తేల్చే పరిశోధన. రాసిన మహానుభావులు ఫ్యాను కింద కూర్చుని రాశారు. తాండూరు ఎండలో తిరిగి అడగాల్సిన పని రెబెక్కకు పడింది.

రెబెక్కది కుల్కచర్ల. నర్సు చదువు చదివి ఈ సర్వేలో చేరి ఏడాదైంది. పనిలో నిక్కచ్చి మనిషి. ఒక్క గడి ఖాళీగా వదలదు. ఇంకొకరి సూది వాడావా అన్న ప్రశ్నకు ఎవరైనా ‘లేదు’ అంటే అతనికి రక్త పరీక్ష చేయనక్కర్లేదు. కిట్లు తక్కువ కాబట్టి ‘అవును’ అన్నవాళ్ళకే అని ఆఫీసు నియమం.

చంద్రప్ప ‘లేదు’ అన్నాడు. అతను కర్ణాటక సరిహద్దు పల్లె నుంచి వచ్చి బండలకు పాలిష్ పట్టే యూనిట్లో పనిచేస్తాడు. రాత్రుళ్ళు రైల్వే స్టేషన్ గోడ వారన పడుకుంటాడు. పక్క మిషన్ మీద పనిచేసే యోహానుదీ అదే గోడ, అదే దుప్పటి.

ఆ యోహాను జ్వరంతో మంచాన పడితే రెబెక్కే ఆసుపత్రికి తీసుకెళ్ళింది. పరీక్షలో హెచ్‌ఐవీ ఉందని తేలింది. యోహాను గోడవైపు తిరిగి పడుకుని చెప్పాడు.

“సూదిల నాకు జోడి చంద్రప్పనే అక్కా. ఒకటే సూది మాది. గా ముచ్చట అడిగితే అడుగు గని, నా రోగం సంగతి మాత్రం వానికి చెప్పకు.”

చెప్పనని మాటిచ్చింది. మాటివ్వకపోయినా, ఒకరి రోగం ఇంకొకరికి చెప్పకూడదు. కానీ చంద్రప్పకు పరీక్ష చేయకపోతే ఎట్లా? రోగం ఉంటే మందు లేకుండా లోలోపల ముదిరిపోతుంది. ఆ ‘లేదు’ను తన చేత్తోనే రాసుకుంది. అబద్ధం చెప్పాడని ఒళ్ళు మండిపోయి, మధ్యాహ్నం ఎండలోనే యూనిట్‌కు వెళ్ళింది.

“నీది, యోహానుది ఒకటే సూది అంట గదా. నాకెందుకు అబద్ధం చెప్పినవ్?”

చంద్రప్ప ముఖం చిన్నబోయింది. “అబద్ధం ఎందుకు చెప్త అక్కా? వాడినంక గీ నీళ్ళతోని నాలుగైదు సార్లు కడుగుతం. బండనే అద్దం లెక్క చేస్తయి గదా గివి. కడిగినంక అది కొత్త సూదే గదా.”

మిషన్ మీదికి నీళ్ళు పోసే పైపు చూపించాడు. మోసం చేసే ముఖం కాదది.

“కడిగితే చాలని ఎవరు చెప్పిండ్రు?”

“నువ్వే చెప్పినవ్ గదక్కా, ఎండాకాలంల.”

రెబెక్కకు గుర్తొచ్చింది. నిజమే. మే నెలలో వికారాబాద్ నుంచి సర్వేతో పాటు ఉచితంగా పంచే కొత్త సూదుల ప్యాకెట్లు పదిహేను రోజులు రాలేదు. చుట్టూ మూగిన జనాన్ని ఉత్త చేతులతో పంపలేక, కనీసం కడుక్కునన్నా వాడుకోండని అనేసింది. నీళ్ళతో కడిగితే చాలదని శిక్షణలో పాఠం చెప్పించుకున్న మనిషే. ప్యాకెట్లు వచ్చాక ఆ సంగతి మరిచిపోయింది. వీళ్ళు మరిచిపోలేదు. ఆఖరికి కొత్త ప్యాకెట్ కోసం రావడం కూడా మానేశారు.

పాలిష్ యూనిట్ల నుంచి వచ్చిన ఫారాలన్నిట్లో వరసగా ‘లేదు’లే. తన నిక్కచ్చితనం మీద తనకే అసహ్యం వేసింది. అక్కడి నుంచే ఆఫీసులో పై అధికారి అరుణ్‌కుమార్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పి, ఫారాలు దిద్దుతానంది.

“ఫారాలు దిద్దితే ఎందుకు దిద్దినవో రాయాలె. నీ తప్పు నువ్వే రాసిస్తవా? ఉద్యోగం ఉంటదా?” అన్నాడతను.

“రాసిస్త సార్,” అని ఫోన్ పెట్టేసింది.

చంద్రప్ప ఫారంలో ‘లేదు’ కొట్టేసి, ‘కడిగితే చాలని చెప్పింది నేనే’ అని రాసి సంతకం పెట్టింది. తర్వాత అతనికి నిజం చెప్పింది. నీళ్ళతో కడిగినా రోగం పోదని, ఆనాడు తను తప్పు చెప్పానని, ఒప్పుకుంటేనే పరీక్ష చేస్తానని. చంద్రప్ప వేలు చాపాడు.

కిట్ మీద ఒక గీత వస్తే రోగం లేనట్టు, రెండు వస్తే ఉన్నట్టు. ఇరవై నిమిషాలు ఇద్దరూ బండల మీద కూర్చున్నారు. రెండు గీతలు వచ్చాయి.

ఇంకోసారి రూఢి చేసుకోవాలని, మందులు ఉచితమని, వేసుకుంటే నిక్షేపంగా బతకొచ్చని రెబెక్క చెప్తూనే ఉంది. అతను గీతల వంకే చూస్తున్నాడు.

“మాకు కడుగుడు మంచిగ రాలేదా అక్కా?”

ఆ మాటకు రెబెక్కకు ఏడుపు ఆగలేదు. “మీరు మంచిగనే కడిగిండ్రు తమ్మీ. నేను చెప్పుడే తప్పు.”

చంద్రప్ప తలెత్తి, షెడ్డులో పనిచేస్తున్న మనుషుల వైపు చూశాడు.

“గీళ్ళందరికి నేనే నేర్పిన అక్కా. నువ్వు చెప్పినవని చెప్పి, దగ్గరుండి కడిగిపిచ్చిన.”

లేచి వెళ్ళి మిషన్లు ఒక్కొక్కటే ఆపించసాగాడు. రెబెక్క కళ్ళు తుడుచుకుని, బ్యాగులోంచి ఇంకో కిట్ తీసింది.