మా ఇద్దరికీ ఒకటే ఒళ్ళు

మా ఎడారి ఊరు కిఫాలో ఆడదాని ఒళ్ళు ఆమె సొంతం కాదు. అది తండ్రికి పరువు, మొగుడికి పేరు, పెళ్ళిలో కూర్చున్న అమ్మలక్కలకు కాలక్షేపం. ఎంత లావుంటే అంత అందం. నేను మాత్రం పుట్టినప్పటి నుంచీ చీపురుపుల్లనే. చిన్నప్పుడు మా అవ్వ గిన్నెలకు గిన్నెలు ఒంటెపాలు గొంతులో పోసేది. కక్కేసేదాన్ని గానీ కండ పట్టలేదు.

పెద్దయ్యాక కీళ్ళు వాచాయి, బుగ్గల మీద ఎర్రగా పొంగింది. ఒంటిని కాయాల్సిన కాపలావాళ్ళే మతి తప్పి ఇంటివాళ్ళను కొడుతున్నారని చెప్పి, రాజధాని నువాక్షూత్‌లోని డాక్టరమ్మ స్టెరాయిడ్ మాత్రలు రాసింది. నొప్పి తగ్గింది, ఆకలి పెరిగింది. చలికాలం పోయేసరికి ముఖం గుండ్రంగా ఉబ్బింది, మెడ వెనక గూని లేచింది, కాళ్ళకు నీరు దిగింది, పొట్ట మీద ఊదారంగు చారలు పడ్డాయి. అద్దంలో ఎవరో చుట్టాలావిడ నా కళ్ళలోంచి చూస్తున్నట్టుండేది. ఊరు మాత్రం మురిసిపోయింది. జబ్బంటూ వస్తే ఇలాంటిదే రావాలని పక్కింటి సెలేఖా దిష్టి కూడా తీసింది.

జబ్బు నెమ్మదించాక డాక్టరమ్మ మోతాదు తగ్గించుకుంటూ వచ్చింది. ఈ మాత్రలు మింగేవాళ్ళ ఒంట్లో సొంత మందు నిద్రపోతుందనీ, దాన్ని మెల్లగా లేపాలనీ, ఒక్కసారిగా మానితే ప్రాణం మీదికొస్తుందనీ గట్టిగా చెప్పింది. పెద్ద మాత్రల సీసా పెట్టె అడుగున పడేసి చిన్నవి మింగసాగాను. ఒళ్ళు దిగడం మొదలైంది.

సరిగ్గా అప్పుడే నా చెల్లెలు నెబ్‌గూహా లావెక్కసాగింది.

ఖర్జూరాల కోతకు దాని పెళ్ళి. అది లావెక్కుతుంటే మొదట్లో ఇంట్లో అందరికీ సంతోషమే. తర్వాత తర్వాత ఎవరూ ఆ మాటెత్తలేదు. నా బుగ్గ లోతు పడితే దాని బుగ్గ పూడింది. నా మెడ మీది గూని కరిగితే దాని మెడ మీద లేచింది. నా వెండి కడియాలు జారిపోతున్నాయని దానికిస్తే, దానికే చేయించినట్టు పట్టాయి. ఓ సాయంత్రం అది ముసుగు సర్దుకుంటూ గుమ్మంలోకి వస్తే, మా అమ్మ నా పేరు పెట్టి పిలిచింది. నేను అమ్మ పక్కనే కూర్చుని ఉన్నాను.

మావైపు పీల్చేవాళ్ళని ఉంటారు. తాకకుండా, ఊరికే చూస్తూనే పక్కమనిషి నెత్తురు తాగేస్తారని చెబుతారు. మూడో గ్లాసు టీ దగ్గర సెలేఖా ఆ మాట అననే అంది. ఒకే కడుపున పుట్టినవాళ్ళలో ఒకతె పీల్చేదైతే రెండోది మిగలదట. వాడలో తల్లులు నెబ్‌గూహా కనబడితే పిల్లల మీద కొంగు కప్పసాగారు. పెళ్ళివారి రాకపోకలు తగ్గాయి. నేను చదువుకున్నదాన్ని. అయినా పడుకునేటప్పుడు దాని ఊపిరి నా మీద పడకుండా దుప్పటి నెత్తిమీదికి లాక్కునేదాన్ని.

ఉన్నట్టుండి ఒకనాడు అది కూలబడింది. వాంతులు, చల్లటి చెమట, తల ఎత్తలేదు. అమ్మ తాయెత్తులు కట్టే పెద్దాయన్ను పిలిపించింది. తీసుకున్నది తిరిగివ్వకపోతే ఇద్దరూ పోతారని తేల్చి, ఆయన దాన్ని గోడకానించి కూర్చోబెట్టించి, నా తలను దాని ఒళ్ళో పెట్టించాడు. నడినెత్తిన నోరానించి ఊదమన్నాడు. వాకిలి నిండా జనం. నెబ్‌గూహా వంగింది. ఊదలేదు. నాకొక్కదానికే వినబడేలా గొణిగింది.

"నీ ఒళ్ళు నేనే తిన్నానక్కా. పెట్టె అడుగున సీసాలోది. అదైపోతే బజార్లో కొన్నా. బక్కదాన్ని వాడు చేసుకోడని. నువ్వు ఎండిపోతుంటే భయమేసి మానేశా. మానినా నీకు తిరిగి రాలేదే."

"ఎప్పుడు మానేశావే?"

"మొన్న."

ఒక్కసారిగా మానితే ప్రాణం మీదికొస్తుందన్న డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది. మాత్ర సంగతి బయటపెడితే ఆ ఒళ్ళు మందుతో వచ్చిందని పెళ్ళివారికి తెలిసిపోతుంది. పెట్టకపోతే, పీల్చేదన్న పేరుతో నా చెల్లెలు ఇక్కడే చచ్చిపోతుంది.

లేచి కూర్చున్నాను. చెల్లెలు నా నెత్తురు తాగలేదు, నా మాత్రలు మింగిందనీ, ఒక్కసారిగా మానింది గనక పోతోందనీ అందరి ముందూ చెప్పాను. కొంగుముడి విప్పి నా మాత్రలు దాని నోట్లో వేశాను. సెలేఖా కొడుకు కారులో ఆసుపత్రికి తీసుకుపోయాం. సూది మందు పడ్డాక దాని కళ్ళు తేటపడ్డాయి.

పెళ్ళి తప్పింది. డాక్టరమ్మ దానికీ నాలాగే మాత్రలు మెల్లమెల్లగా తగ్గించమంది. దాని ఒళ్ళు తగ్గుతోంది.

వానలు పడగానే నా జబ్బు తిరగబెట్టింది. మళ్ళీ పెద్ద మాత్రలే. ముఖం మళ్ళీ గుండ్రమవుతోంది. నేను మాత్రల సంగతి చెప్పినప్పుడు వాకిట్లో అందరూ విన్నారు. కానీ వాళ్ళకు గుర్తుండిపోయింది మాత్రం వేరు. తాయెత్తుల పెద్దాయన ముందర చెల్లెలు నా నెత్తిన నోరానించింది, అప్పటినుంచీ తను ఎండిపోతోంది, నేను నిండుతున్నాను. నేను నడిచే దారిలో తల్లులు ఇప్పుడు పిల్లల మీద కొంగు కప్పుతున్నారు.

నిన్న నెబ్‌గూహా కడియాలు తీసి నా ముందు పెట్టింది, జారిపోతున్నాయంటూ. నా కాళ్ళకు తొడిగి చూసింది. సరిగ్గా పట్టాయి.

"మాత్రల వల్లేనే పిచ్చిదానా," అన్నాను.

"నాకు తెలీదా అక్కా?" అని నవ్వింది.

పక్కలు పరుచుకుని పడుకున్నాం. దీపం ఇంకా ఆర్పలేదు. అది నా ముఖంలోకి కాసేపు చూసి, దుప్పటి నెత్తిమీదికి లాక్కుంది.