రెక్క మీది ఇంజనూ, డాక్టరుగారి బొటనవేలూ

ముందుగా నన్ను క్షమించండి. నాకు అక్షరాలు వచ్చింది ఈమధ్యనే. ఎక్కడైనా ఒత్తు జారిపోయి ఉంటే మీరే తగిలించుకుని చదువుకోండి. కూడబలుక్కుంటూ రాస్తాను కనుక ఈ కాస్త రాయడానికే చాలా సాయంత్రాలు పట్టింది. నేను ఒక పేజీ నింపేలోపు మా మనవరాలు పుస్తకం చదివేసి నిద్రపోతుంది.

మావారికి ఫొటో స్టూడియో ఉండేది. పెళ్ళిళ్ళూ పుట్టినరోజులూ తీసి ఇల్లు నడిపారు గానీ, ఆయన ప్రాణమంతా విమానాల మీదే. సెలవు దొరికితే చాలు, విమానాశ్రయం కంచె దగ్గర తేలేవారు. పెళ్ళికూతురైనా విమానమైనా, రిఫ్లెక్టరు పట్టుకుని నిలబడేది నేనే. అంటే వెండిలా మెరిసే గుండ్రటి గుడ్డ. నీడ పడ్డ చోటికి దానితో వెలుగు మళ్ళించాలి.

"ఎడమకి," అనేవారు. నేను జరిగేదాన్ని.

"నీ ఎడమ కాదే, నా ఎడమ!" అని అరిచేవారు. పెళ్ళివారంతా నవ్వేవారు. తీరా ఫొటో కడిగి చూస్తే ఓ మూల నా వేళ్ళు పడి ఉండేవి. ఆయన కత్తెరతో ఆ ముక్క కత్తిరించి, "ఇదిగో నీ జీతం," అంటూ నా చేతిలో పెట్టేవారు.

కంచె దగ్గర చేరే వాళ్ళంతా కలిసి ఏటా ఒక క్యాలెండరు వేస్తారు. నెలకో విమానం. అక్టోబరు పేజీ మొదటి నుంచీ మావారిది. ఆయన పోయాక అది ఎవరికివ్వాలన్న మాట వచ్చింది. ఆ పనులన్నీ చూసేది మా మరిది. బస్సు నడుపుతాడు. ఎప్పుడూ టోపీ తియ్యడు కనుక ఇంటిల్లిపాదీ అతన్ని టోపీ అనే పిలుస్తారు.

"నాకియ్యి ఆ పేజీ," అన్నాను.

"నువ్వెప్పుడైనా బటన్ నొక్కావా వదినా?"

"మీ అన్నయ్య నొక్కనిస్తేగా!"

మరిది టోపీ సర్దుకున్నాడు. "సరే. ఎయిర్ షోకి ఒక వింత జెట్టు వస్తోంది. దాన్ని తియ్యి. బాగుంటే పేజీ నీది. లేదంటే మన కంచె జట్టులోని పళ్ళ డాక్టరుగారికి ఇచ్చేస్తాను, ఆయన అప్పుడే అడిగారు. మన నియమం తెలుసుగా? ఫొటోలో విమానం తప్ప మనిషన్నవాడు కనపడకూడదు."

మా గోడ మీద అక్టోబరు నెలంతా వేరే ఎవరి విమానాన్నో చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు. ఆయన కెమెరా మెళ్ళో వేసుకుని వెళ్ళాను. అలవాటు కొద్దీ రిఫ్లెక్టరు కూడా మడిచి సంచిలో పెట్టుకున్నాను.

మరిదీ, డాక్టరుగారూ అప్పటికే అక్కడున్నారు. జెట్టుని తాడు అవతల నిలబెట్టారు. వ్యాపారస్తులు నలుగురైదుగురు ఎక్కి తిరిగే చిన్న విమానం. పెద్ద విమానాల మధ్య కోడిపిల్లలా ఉంది. ఇలాంటి వాటికి ఇంజన్లు తోక దగ్గర వీపుకి అంటుకుని ఉంటాయి. దీనికి మాత్రం రెక్కల మీద, పొట్టి గుంజల మీద నిలబెట్టారు.

"చంకలో ఉండాల్సిన పిల్లల్ని భుజాలకెక్కించుకున్నట్టుంది," అన్నాను.

"అలా పెడితే లోపల చోటెక్కువ, రొద తక్కువట అక్కయ్యా," అన్నారు డాక్టరుగారు. "నాకైతే పుట్టకూడని చోట పన్ను పుట్టినట్టుంది."

"మీరు కాస్త దూరంగా ఉండండి. పన్ను కనపడితే మీ చెయ్యి ఊరుకోదు," అన్నాడు మరిది.

దాని అందమంతా ఇంజనుకీ రెక్కకీ మధ్య ఉన్న సందులోనే ఉంది. ఎండ నడినెత్తిన ఉండడంతో అక్కడంతా నీడే. డాక్టరుగారు ఒకటి తీసి చూసుకుని, "అబ్బే, నల్లగా వస్తోంది," అన్నారు.

అంతే. నా చేతులు వాటంతటవే సంచిలోకి పోయాయి. రిఫ్లెక్టరు విప్పి, తాడు మీదుగా వంగి, సందులోకి వెలుగు తోశాను.

"ఆహా! కాస్త పైకి అక్కయ్యా!"

పైకెత్తాను. డాక్టరుగారు తీసుకున్నారు. మరిది తీసుకున్నాడు. ముక్కూ మొహం తెలియని వాళ్ళు కూడా వచ్చి తీసుకున్నారు. చేతులు పీకి కిందికి దించేసరికి ట్రాక్టరు వచ్చి జెట్టుని లాక్కుపోతోంది. దాని ఎగిరే వంతు వచ్చిందట. నేను కెమెరా మూతైనా తియ్యలేదు.

"ఏం మనిషివి వదినా! విందుకెళ్ళి అందరికీ వడ్డించి నువ్వు తినకుండా వచ్చినట్టుంది," అని మరిది తల పట్టుకున్నాడు.

"నా ఫొటోనే మీ పేరున వేసుకోండి," అన్నారు డాక్టరుగారు మొహమాటంగా.

"మీ పన్ను నా నోట్లో పెట్టుకోమంటారా? వద్దు బాబూ."

జెట్టు ఆకాశంలో తిరుగుతున్నంతసేపూ కెమెరా ఎత్తలేదు. కళ్ళలో నీళ్ళుంటే ఏం కనపడుతుంది? మళ్ళీ దిగింది. తెచ్చి అదే చోట నిలబెట్టారు. సూర్యుడు కాస్త వాలాడు గానీ సందులో నీడ మాత్రం అలాగే ఉంది. రిఫ్లెక్టరు తీసి డాక్టరుగారి చేతిలో పెట్టాను. ఆయన దాన్ని పేపరు చదువుతున్నట్టు పట్టుకున్నారు.

"ఎడమకి," అన్నాను. జరిగారు.

"అయ్యో, మీ ఎడమ కాదండీ, నా ఎడమ!"

అరిచాక నా గొంతు నాకే కొత్తగా వినపడింది. మరిది టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. నేను మాత్రం, "కదలకండి," అని బటన్ నొక్కాను.

ఇంటికొచ్చి ముగ్గురం పెద్ద తెర మీద చూశాం. ఇంజను కింద సందు తళతళలాడుతోంది, అందులోంచి ఇంత ఆకాశం ముక్క కూడా కనపడుతోంది. ఆ కింది మూల, డాక్టరుగారి బొటనవేలు.

"నియమం తప్పింది," అన్నాడు మరిది. "ఏం లేదు, ఆ మూల కత్తిరించేస్తే సరి."

"కత్తిరించకు."

"వదినా..."

"మీ అన్నయ్య పెళ్ళయిన దగ్గర్నుంచీ కత్తిరిస్తూనే ఉన్నారు. ఒక్కటి ఉండనీ."

"ముందే చెప్తే గోరు కత్తిరించుకుని వచ్చేవాణ్ణి కదా," అన్నారు డాక్టరుగారు.

మరిది పకపకా నవ్వాడు. "వేలిముద్ర మానేసి సంతకం నేర్చుకున్నావు. ఇప్పుడు నీ బదులు డాక్టరుగారు వేలిముద్ర వేశారు." ఓ కాగితం, పెన్ను నా వైపు జరిపాడు. "పేజీ నీదే. ఫొటో కింద వేసే పేరు నువ్వే రాయి."

రాశాను. అక్షరాలు వంకర పోయాయి. క్యాలెండరులో అలాగే అచ్చయింది.

ఇట్లు,
స్టూడియో వదిన.
వయసు అరవై ఎనిమిది. ఇప్పుడు ఉండేది కూతురింట్లో, మేడ మీది గదిలో. దిగే విమానాలన్నీ మా కిటికీ ముందు నుంచే పోతాయి.